లైనక్స్‌కు పోర్ట్ చేయడం ఒక ఖర్చు, నిలబెట్టుకోవడం ఇంకో ఖర్చు

విండోస్ లాంటిదే అయినా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కు 2016 సెప్టెంబరులో రాకెట్ లీగ్ గేమ్ వచ్చింది. కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఈ గేమ్ అప్పటికే విండోస్‌లో పెద్ద హిట్. మూడున్నరేళ్ళు కూడా గడవక ముందే, 2020 జనవరిలో, తయారీ సంస్థ సయానిక్స్ ఒక ప్రకటన చేసింది. మార్చి తర్వాత లైనక్స్, మ్యాక్ వెర్షన్లకు అప్‌డేట్లు ఉండవు, వాటిలో ఆన్‌లైన్ ఆట పనిచేయదు, కావాలన్నవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. విండోస్ వెర్షన్‌ను, విండోస్‌లో గ్రాఫిక్స్ గీసే డైరెక్ట్‌ఎక్స్ 9 నుంచి డైరెక్ట్‌ఎక్స్ 11కు మారుస్తున్నామని, లైనక్స్, మ్యాక్‌లలో ఆడేవాళ్ళందరినీ కలిపినా మొత్తం ఆటగాళ్ళలో 0.3 శాతం కూడా లేరని కారణాలు చెప్పింది.

పోర్ట్ చేసే ఖర్చు, అంటే ఒక సిస్టమ్ కోసం రాసినదాన్ని ఇంకో సిస్టమ్‌లో నడిచేలా మార్చే ఖర్చు, 2016లోనే అయిపోయింది. 2020లో సయానిక్స్ వద్దనుకున్నది ఆ ఖర్చును కాదు. గేమ్ మారిన ప్రతిసారీ లైనక్స్‌లోనూ అదే మార్పు చేయాలి, పరీక్షించాలి, పాడైతే బాగుచేయాలి. ఆ పనిని వద్దనుకుంది. పెళ్లి ఖర్చు ఒక్కసారే, కాపురం ఖర్చు నెలనెలా. లైనక్స్ సాఫ్ట్‌వేర్ గురించి వాదించుకునేవాళ్ళు ఎక్కువగా పెళ్లి ఖర్చే లెక్కేస్తారు. కంపెనీలు చేతులెత్తేసేది మాత్రం కాపురం దగ్గర.

ముందు ఆ మొదటి ఖర్చు ఎంతో చూద్దాం. విండోస్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను లైనక్స్‌కు తేవాలంటే తెరమీద విండో తెరవడం, బొమ్మ గీయడం, శబ్దం వినిపించడం, కీబోర్డు, మౌస్ చదవడం లాంటి పనులన్నీ వేరే దారిలో చేయాలి. ఫైళ్ళ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇష్టమొచ్చినట్టు పేర్లు పెట్టుకున్న వేల ఫైళ్ళున్న ప్రాజెక్టులో ఇదొక్కటే రోజుల తరబడి పని పెడుతుంది. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అనే సంఖ్యకు 4 బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు. దాన్ని అలాగే ఫైల్లోకి రాసి దాచుకునే ప్రోగ్రామ్ అయితే, ఒకచోట సేవ్ చేసింది ఇంకోచోట తెరుచుకోదు. ఇవన్నీ ఓపికతో తీరే కష్టాలు. బయటి నుంచి కొనుక్కున్న లైబ్రరీకి (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్‌కు) లైనక్స్ వెర్షన్ లేకపోతే మాత్రం ఓపిక సరిపోదు. సోర్స్ కోడ్ చేతిలో ఉండదు కాబట్టి ఆ భాగాన్ని మొత్తం మార్చుకోవాలి, లేదా అమ్మినవాళ్ళను బతిమాలుకోవాలి.

ఈ మొదటి ఖర్చునే నమ్ముకుని ఒక కంపెనీ వ్యాపారం చేసింది. 1998లో అమెరికాలో పుట్టిన లోకీ సాఫ్ట్‌వేర్ ఇతరుల విండోస్ గేమ్‌ల హక్కులు తీసుకుని, వాటిని లైనక్స్‌కు పోర్ట్ చేసి, పెట్టెల్లో పెట్టి అమ్మేది. సివిలైజేషన్: కాల్ టు పవర్, రైల్‌రోడ్ టైకూన్ 2 లాంటివి అలా వచ్చాయి. పనితనంలో వాళ్ళకు వంక పెట్టలేం. కానీ విండోస్ వెర్షన్ విడుదలయ్యాక చాలా కాలానికి లైనక్స్ వెర్షన్ వచ్చేది. అప్పటికే ఆట మీద మోజున్నవాళ్ళు అదే కంప్యూటర్‌లో విండోస్ పెట్టుకుని ఆడేసేవాళ్ళు. హక్కులకు కట్టిన డబ్బు తిరిగి రావడానికే సరిపడా అమ్మకాలు లేవు. 2001 ఆగస్టులో లోకీ దివాలా పిటిషన్ వేసింది, 2002 జనవరిలో మూతపడింది.

కంపెనీ పోయినా, అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా తయారుచేసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మిగిలింది. తెర, శబ్దం, కీబోర్డు పనులన్నీ ఏ సిస్టమ్‌లోనైనా ఒకే పద్ధతిలో చేసిపెట్టే లైబ్రరీ అది. ఈ రోజు లెక్కలేనన్ని గేమ్‌లు దాని మీదే నడుస్తున్నాయి. యూనిటీ, గొడో లాంటి గేమ్ ఇంజన్లు ఆ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాయి. వాటిలో లైనక్స్‌కు ఎగుమతి చేయడం మెనూలో ఒక ఎంపిక. లోకీ కాలంలో నెలలు పట్టిన పని చాలా గేమ్‌లకు రోజుల్లోకి వచ్చింది.

మరి అంత తేలికైతే కంపెనీలు ఇంకా ఎందుకు జంకుతున్నాయి?

లైనక్స్‌కు తెచ్చాం అనగానే ఏ లైనక్స్‌కు అనే ప్రశ్న వస్తుంది. లైనక్స్ అంటే అసలు కర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి భాగం, ఒక్కటే. దాని విషయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన నియమం చాలా కఠినమైనది: నిన్న నడిచిన ప్రోగ్రామ్ కొత్త కర్నల్ వల్ల ఈ రోజు ఆగిపోకూడదు. ఆగితే తప్పు కర్నల్‌దే, మార్పును వెనక్కి తీసుకోవాలి. ఈ మాటను కర్నల్ వాళ్ళు దశాబ్దాలుగా నిలబెట్టుకుంటున్నారు. కానీ మామూలు ప్రోగ్రామ్ నేరుగా కర్నల్‌తో మాట్లాడేది తక్కువ. మధ్యలో గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ, దాని పైన శబ్దం లైబ్రరీలు, బటన్లు, మెనూలు గీసేవి, ఇంటర్నెట్ భద్రత చూసేవి ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక్కో బృందం నడుపుతుంది, ఒక్కో బృందానికి ఒక్కో పద్ధతి. వీటిలో ఏ వెర్షన్లను కలిపి ఇవ్వాలో ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఆర్చ్ లాంటి డిస్ట్రోలు, అంటే వీటన్నిటినీ ఒక సిస్టమ్‌గా కలిపి ఇచ్చేవాళ్ళు, ఎవరికి వాళ్ళు నిర్ణయించుకుంటారు.

2010లో జరిగిన ఒక గొడవ ఈ సంగతిని బాగా చూపిస్తుంది. మెమరీలో ఒకచోట ఉన్న సమాచారాన్ని ఇంకోచోటికి నకలు చేసే మెమ్‌కాపీ అనే చిన్న పని గ్లిబ్‌సీలో ఉంది. నకలు తీసే చోటు, పెట్టే చోటు ఒకదానిమీదొకటి పడకూడదని దాని నియమం. అలా పడే అవకాశం ఉంటే మెమ్‌మూవ్ అనే ఇంకోటి వాడాలి. అయితే ఏళ్ళ తరబడి మెమ్‌కాపీ మొదటి నుంచి చివరికి వరసగా నకలు చేసుకుంటూ పోవడం వల్ల, నియమం తప్పిన ప్రోగ్రామ్‌లు కూడా అదృష్టవశాత్తూ సరిగానే నడిచాయి. కొత్త ప్రాసెసర్లలో వేగం కోసం గ్లిబ్‌సీలో కొన్ని సందర్భాల్లో చివరి నుంచి మొదటికి నకలు చేయడం మొదలుపెట్టారు. ఆ మార్పు ఫెడోరా 14లోకి రాగానే అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌లో శబ్దం గరగరమంది. తప్పు ఫ్లాష్‌దే. నియమాల ప్రకారం ఇందులో సందేహం లేదు. కానీ టోర్వాల్డ్స్ స్వయంగా వచ్చి వాదించాడు: తప్పు ఎవరిదన్నది వాడేవాళ్ళకు అనవసరం, నిన్న పాట వినిపించింది, ఈ రోజు వినిపించడం లేదు, వాళ్ళకు తెలిసింది అంతే.

చివరికి దొరికిన పరిష్కారం తెలివైనదే. గ్లిబ్‌సీ 2.14లో మెమ్‌కాపీకి కొత్త వెర్షన్ ముద్ర వేశారు. పాత ప్రోగ్రామ్‌లకు పాత పద్ధతి, కొత్తగా కంపైల్ చేసినవాటికి (సోర్స్ కోడ్ నుంచి నడిచే ఫైల్‌గా మార్చినవాటికి) కొత్త పద్ధతి. అయితే ఆ ముద్రే ఇంకో సమస్యను తెచ్చింది. కొత్త సిస్టమ్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఆ కొత్త ముద్ర ఉన్న మెమ్‌కాపీ కావాలని అడుగుతుంది. పాత సిస్టమ్‌లో అది ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ తెరుచుకోనే తెరుచుకోదు. లైనక్స్‌కు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళను ఏళ్ళ తరబడి ఏడిపించిన ఎర్రర్లలో ఇదొకటి.

అందుకే ఈ రంగంలో అందరూ పాటించే పద్ధతి ఒకటుంది: వీలైనంత పాత లైనక్స్‌లో కంపైల్ చేయాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్యాకేజీల కోసం 2016లో పెట్టుకున్న మొదటి ప్రమాణం సెంట్‌ఓఎస్ 5 అనే డిస్ట్రో మీద ఆధారపడింది. అది 2007 నాటి సిస్టమ్. తర్వాత సెంట్‌ఓఎస్ 6, ఆ తర్వాత 7కు మారారు. ఆ సెంట్‌ఓఎస్ 7కు కూడా 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. అంటే పాత సిస్టమ్‌ను బతికించుకోవాలి, దాని మీద కొత్త కంపైలర్ నడిచేలా చూసుకోవాలి, ఆ సిస్టమ్ ఆయుష్షు తీరినప్పుడల్లా ఇంకోదానికి మారాలి. కస్టమర్ కంటికి ఈ పని కనపడదు. బడ్జెట్ వేసే మేనేజర్‌కు కూడా చాలాసార్లు కనపడదు, కనపడేసరికి ఆలస్యమై ఉంటుంది.

ఇది పెద్ద కంపెనీలకే ఉన్న బాధ కాదు. స్కూబా డైవింగ్ చేసేవాళ్ళ కోసం సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రామ్‌ను టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. 2014లో డెబియన్ డెవలపర్ల సమావేశంలో ఆయన చెప్పిన మాట చాలామందిని ఆలోచనలో పడేసింది. విండోస్‌కు, మ్యాక్‌కు తమ బృందం రెడీమేడ్ ఫైల్ ఇస్తోందని, లైనక్స్‌కు మాత్రం దాదాపుగా ఇవ్వడం లేదని, ప్రతి డిస్ట్రోకు, దాని ప్రతి వెర్షన్‌కు విడివిడిగా తయారుచేయడం భరించలేని పని అని ఆయన సూటిగా చెప్పాడు. లైనక్స్ సృష్టికర్తకే ఈ పని బరువైతే, ముగ్గురు మనుషులున్న చిన్న స్టూడియో సంగతి చెప్పనక్కర్లేదు.

సపోర్ట్ ఖర్చు దగ్గర మాత్రం ప్రచారంలో ఉన్న లెక్కలను జాగ్రత్తగా చదవాలి. ప్లానెటరీ యానిహిలేషన్ గేమ్‌కు పనిచేసిన ఒక డెవలపర్ తమ అమ్మకాల్లో లైనక్స్ వాటా 0.1 శాతం కన్నా తక్కువని, క్రాష్ రిపోర్టులు, సపోర్ట్ టికెట్లలో (సాయం కోరుతూ పంపే ఫిర్యాదుల్లో) మాత్రం 20 శాతానికి పైగా అక్కడి నుంచే వచ్చాయని చెప్పాడు. లైనక్స్ వద్దనేవాళ్ళు ఎక్కువగా చూపించేది ఈ అంకెలనే. 2021లో డెల్టా వీ: రింగ్స్ ఆఫ్ శాటర్న్ అనే చిన్న గేమ్ డెవలపర్ తన లెక్క బయటపెట్టాడు. 12,000కు పైగా కాపీలు అమ్ముడైతే అందులో లైనక్స్ కాపీలు 700 దాకా, అంటే 5.8 శాతం. మొత్తం 1,040 బగ్ రిపోర్టుల్లో దాదాపు 400, అంటే 38 శాతం, లైనక్స్ వాళ్ళు పంపినవి. ఇంతవరకు చదివితే ఇదీ మొదటి కథే. కానీ అతను ఒక్కో రిపోర్టు తెరిచి చూశాడు. ఆ 400లో లైనక్స్‌లో మాత్రమే వచ్చే బగ్‌లు మూడంటే మూడు. మిగతావన్నీ విండోస్ వాళ్ళకూ ఉన్న సమస్యలే. వాళ్ళు చెప్పలేదు, లైనక్స్ వాళ్ళు చెప్పారు. పైగా ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తే మళ్ళీ వస్తుంది అని వివరంగా రాసి పంపారు.

రెండు లెక్కలూ నిజమే అయ్యుండొచ్చు. ప్లానెటరీ యానిహిలేషన్ విషయంలో వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ డ్రైవర్లవని, అంటే గ్రాఫిక్స్ కార్డును నడిపించే ప్రోగ్రామ్‌లవని, ఆ డెవలపరే చెప్పాడు. అది 2014 నాటి గేమ్. అప్పట్లో ఏఎండీ కార్డులకు కంపెనీ సోర్స్ చూపించకుండా ఇచ్చే డ్రైవర్ ఎంత ఇబ్బంది పెట్టేదో వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2021 నాటికి ఏఎండీ డ్రైవర్ కర్నల్‌లోనే భాగమైపోయింది, కర్నల్‌తో పాటే బాగుపడుతూ వచ్చింది. కాబట్టి టికెట్లను లెక్కపెడితే ఖర్చు తెలియదు. ఆ టికెట్ ఎవరి కోడ్‌లో తప్పు గురించి వచ్చిందో చూడాలి. తన గేమ్‌లో అసలైన తప్పును పట్టిచ్చిన టికెట్ డెవలపర్‌కు ఖర్చే కాదు. టెస్టింగ్ చేసేవాళ్ళకు జీతమిచ్చి చేయించుకోవాల్సిన పని అది.

డ్రైవర్ల విషయంలో కర్నల్ వాళ్ళు ఉద్దేశపూర్వకంగా తీసుకున్న నిర్ణయం ఒకటుంది. మామూలు ప్రోగ్రామ్‌లకు ఇచ్చిన స్థిరత్వం హామీని కర్నల్ లోపల పనిచేసే డ్రైవర్లకు ఇవ్వలేదు. కర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకొకటి వస్తుంది. లోపలి వ్యవహారం ఏ వెర్షన్‌లోనైనా మారిపోవచ్చు. డ్రైవర్ కోడ్‌ను కర్నల్‌లో కలిపేస్తే, ఆ మార్పు చేసినవాళ్ళే డ్రైవర్‌ను కూడా సరిచేయాలి. కలపకుండా బయట పెట్టుకుంటే ప్రతి మార్పు వెంటా సొంత డబ్బుతో పరుగెత్తాలి. ఎన్విడియా ఏళ్ళ తరబడి ఆ పరుగు పరుగెత్తింది. 2022లో తన కర్నల్ మాడ్యూళ్ళ సోర్స్‌ను బయటపెట్టింది. ఈ పద్ధతి సరైనదేనని చెప్పాలి. దీనివల్లే పదిహేనేళ్ళ నాటి వైఫై కార్డులు కూడా ఈ రోజు లైనక్స్‌లో పనిచేస్తున్నాయి.

ఖర్చును నిజంగా తగ్గించుకున్నవాళ్ళు ఏం చేశారు? సినిమా గ్రాఫిక్స్ రంగం ఇందుకు మంచి ఉదాహరణ. 1990ల చివర్లో హాలీవుడ్ స్టూడియోలు ఖరీదైన సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల నుంచి లైనక్స్‌కు మారడం మొదలుపెట్టాయి. మాయా, హుడినీ, న్యూక్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో దొరకడానికి కారణం అదే. అక్కడ కస్టమర్లు ఉన్నారు, డబ్బులిస్తారు. అయినా ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో లైబ్రరీ వెర్షన్ అడుగుతుంటే అన్నిటినీ ఒకే యంత్రంలో నడపడం టెన్షన్‌గా మారింది. 2014లో వీఎఫ్ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చారు. ఫలానా ఏడాదికి ఫలానా కంపైలర్, ఫలానా గ్లిబ్‌సీ, ఫలానా పైథాన్, ఫలానా క్యూటీ అని ఒక పట్టిక ప్రకటిస్తారు. తయారీదారులు, స్టూడియోలు ఆ పట్టికను బట్టే పనిచేస్తారు. వందల డిస్ట్రోలు ఎటు పోయినా ఈ రంగానికి సంబంధించినంతవరకు లైనక్స్ అంటే ఆ పట్టికే.

ఆన్‌లైన్ గేమ్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ కూడా గేమ్‌ల కోసం అదే దారి పట్టింది. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లైనక్స్‌కు వచ్చినప్పుడు, ఉబుంటు 12.04 లైబ్రరీలను మూటగట్టి స్టీమ్ రన్‌టైమ్ పేరుతో వెంట ఇచ్చింది. డెవలపర్ ఆ మూటకు సరిపోయేలా కంపైల్ చేస్తే చాలు, కింద ఏ డిస్ట్రో ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. తర్వాత వచ్చిన ఫ్లాట్‌పాక్, స్నాప్ కూడా ఇదే ఆలోచనను మామూలు ప్రోగ్రామ్‌లకు వర్తింపజేశాయి. ఆ మూటలోని లైబ్రరీల్లో భద్రతా లోపాలు బయటపడితే సరిచేసే బాధ్యత మూట కట్టినవాళ్ళది. ఖర్చు మాయమవలేదు, వెయ్యిమంది డెవలపర్ల దగ్గర నుంచి ఒక బృందం దగ్గరకు చేరింది. వెయ్యిమంది ఒకే పని చేయడం కన్నా అది నయం.

2018 ఆగస్టులో వాల్వ్ ఇంకో అడుగు ముందుకేసింది. విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపించే వైన్ మీద కట్టిన ప్రోటాన్‌తో విండోస్ గేమ్‌లను మార్పులేమీ లేకుండా లైనక్స్‌లో నడిపించడం మొదలుపెట్టింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని గేమ్‌లు ఆడే యంత్రం) వ్యాపారం మొత్తం దీనిమీదే నిలబడింది. 2013, 2014 ప్రాంతాల్లో లైనక్స్‌కు పోర్ట్ చేసి వదిలేసిన కొన్ని గేమ్‌లు ఇప్పుడు సరిగా తెరుచుకోవు. అదే గేమ్ విండోస్ వెర్షన్‌ను ప్రోటాన్‌లో పెడితే చక్కగా నడుస్తుంది. లైనక్స్‌లో అన్నిటికన్నా స్థిరమైన పునాది విండోస్‌దే అని డెవలపర్లు అనుకునే పరిస్థితి వచ్చింది. ఈ మాట లైనక్స్ అభిమానులకు చేదుగా ఉంటుంది. కానీ పదేళ్ళ కింద కంపైల్ చేసిన ఫైల్‌ను ఈ రోజూ నడిపించాలన్న పట్టుదల విండోస్ వాళ్ళకు ఉంది. దాన్ని వైన్ వాళ్ళు ఓపిగ్గా అనుకరించారు. మైక్రోసాఫ్ట్ కూడా తన డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను లైనక్స్‌కు తెచ్చినప్పుడు దాన్ని తిరగరాయలేదు. విండోస్‌లో దానికి కావాల్సిన భాగాలను ఒక పొరగా మార్చి కింద పెట్టింది. 2016 మార్చిలో ప్రకటించి 2017 అక్టోబరుకల్లా విడుదల చేయగలిగింది అందుకే.

ప్రోటాన్‌తోనూ తీరని ఖర్చు ఒకటుంది. ఆన్‌లైన్ గేమ్‌లలో మోసాలను పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్‌ను లైనక్స్‌లోనూ కాపలా పెట్టాలంటే అదొక విడి పని. 2024 చివర్లో ఏపెక్స్ లెజెండ్స్ లైనక్స్ ఆటగాళ్ళను ఆపేసింది. అక్కడి నుంచి వచ్చే మోసాలను పట్టడానికి అయ్యే శ్రమ, ఆడేవాళ్ళ సంఖ్యతో పోలిస్తే గిట్టుబాటు కాదని చెప్పింది. పేటెంట్ల ఖర్చు ఇంకోటి. వీడియో ఎడిటింగ్‌కు పేరున్న డావించీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ విండోస్‌లో హెచ్ 264 వీడియోలను తెరుస్తుంది, లైనక్స్‌లో తెరవదు. ఫోన్‌లో తీసిన వీడియోను నేరుగా పెట్టుకోలేకపోతే కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ రోజే విండోస్‌కు తిరిగి వెళ్ళిపోతారు.

తెలుగు విషయంలో ఈ లెక్క రెండు విధాలుగా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే పనిని లైనక్స్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రె ఆఫీస్, ఆండ్రాయిడ్ కూడా దాన్నే వాడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం తెలుగు అక్షరాల కూర్పులో ఎవరైనా ఒక తప్పు దిద్దితే, ఆ దిద్దుబాటు డబ్బు ఖర్చు లేకుండా లైనక్స్ డెస్క్‌టాప్‌కు కూడా చేరుతుంది. తెలుగువాళ్ళ కోసం విడిగా ఒక లైనక్స్ పోర్ట్‌ను ఎవరూ పోషించనక్కర్లేదు.

డీటీపీ షాపుల్లో పరిస్థితి వేరు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చే చోట అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఏళ్ళ తరబడి రాజ్యమేలాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ షాపుల్లో రెండూ నడిచింది విండోస్‌లోనే. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన పద్ధతి. ఇంత చిన్న మార్కెట్‌లో లైనక్స్ వెర్షన్ తెచ్చి దాన్ని ఏటా నిలబెట్టాలంటే అయ్యే ఖర్చు ఏ తయారీదారుకూ తిరిగి రాదు. లైనక్స్‌లో స్క్రైబస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నా అది పేజీలు కూర్చగలదేగానీ, ఇరవై ఏళ్ళుగా పోగుపడిన ఆ ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు తెరవలేదు. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ప్రతి పేజీనీ ఒక మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాలి. ఆ కూలి ఎవరిస్తారో తేలేదాకా షాపు మూలన ఉన్న పాత విండోస్ కంప్యూటర్ అక్కడి నుంచి కదలదు.